214 చీరలు, 38 జాకెట్లు: ఒక బీరువా సర్దుబాటు

ఇది కూకట్‌పల్లి వైపు ఉంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఇంట్లో గత వేసవిలో నేను చేసిన బట్టల బీరువా సర్దే పని వివరం. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. ఇంటివారిని గుర్తుపట్టే వివరాలను తీసివేశాను. పని జరిగిన నాలుగు రోజులూ నేను ఆవిడను టీచరుగారు అనే పిలిచాను కనుక ఇక్కడా అలాగే రాస్తాను. వయసు 62. ఉద్యోగ విరమణ జరిగి అప్పటికి 14 నెలలు. సొంత ఇంటిని డెవలప్‌మెంటుకు ఇచ్చి, దంపతులిద్దరూ రెండు పడకగదుల ఫ్లాటులోకి మారుతున్నారు. పాత ఇంట్లో ఆవిడ బట్టలు రెండు ఇనుప బీరువాలలోనూ, ఒక చెక్క అల్మారాలోనూ, అటక మీది ట్రంకుపెట్టెలోనూ, మంచం కింద రెండు సూట్‌కేసులలోనూ ఉన్నాయి. కొత్త ఫ్లాటులో ఆవిడ వాటాకు వచ్చేది నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న ఒకే ఒక్క గోడ అల్మారా.

మొదటిసారి ఫోనులో మాట్లాడినప్పుడు ఆవిడ కోరిక చాలా సూటిగా ఉంది. "సగం తగ్గించి పెట్టు తల్లీ, చాలు. ఏ సగమో నువ్వే చెప్పు." ఏ సగమో చెప్పడం నా పని కాదని, లెక్క తీసి ముందు పెట్టడం వరకే నా పని అని అప్పుడే చెప్పాను. తీసేయవలసినవి నేను ఎంచిన ఇళ్ళలో, ఆర్నెల్లు తిరిగేసరికి ఆ ఖాళీ మళ్ళీ నిండిపోవడం రెండు మూడు సార్లు చూసిన తరువాత పెట్టుకున్న నియమం అది.

తక్కువ బట్టలతో సర్దుకోవడం గురించి మనకు తెలిసిన పద్ధతులలో చాలావరకు ప్యాంట్లు, షర్టులు, కోట్లు వేసుకునే వారికోసం పుట్టినవి. 'క్యాప్సూల్ వార్డ్‌రోబ్' అనే మాటను 1970లలో లండన్‌లో బట్టల దుకాణం నడిపిన సూసీ ఫో (Susie Faux) ప్రచారంలోకి తెచ్చారు. కొద్దిపాటి వస్త్రాలు ఒకదానితో ఒకటి కలిసేలా ఎంచుకుంటే, వాటితోనే ఎన్నో రకాలుగా తయారు కావచ్చన్నది అందులోని లెక్క. చీరకు ఈ లెక్క నేరుగా పనికిరాదు, ఎందుకంటే ఒక చీర మరొక చీరతో కలవదు. మూడు నెలలకు 33 వస్త్రాలు అన్న పద్ధతి తీసుకున్నా అంతే: చీర, జాకెట్టు, లంగా కలిపి ఒకటా, మూడా? చీరల బీరువాలో కలిసే గుణం ఉన్నది జాకెట్టు ఒక్కదానికే. ఒక నల్ల జాకెట్టు పది పన్నెండు చీరలను నడిపిస్తుంది. సరిపోయే జాకెట్టు లేని పట్టుచీర ఎంత ఖరీదైనదైనా ఆ రోజుకు అది అయిదున్నర మీటర్ల గుడ్డ మాత్రమే. ఈ కారణం చేత నేను కొంతకాలంగా చీరలతో కాక జాకెట్లతో పని మొదలుపెడుతున్నాను. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం కూడా అదే.

లెక్క

మొదటి రోజు హాల్లో పాత దుప్పట్లు పరిచి, అన్ని చోట్ల నుంచీ బట్టలు దించాము. ఒక బీరువా ముగించి మరొక బీరువా తెరవడం సులభంగా అనిపిస్తుంది గానీ, అలా చేస్తే ఒకే రంగు మంగళగిరి చీరలు నాలుగు చోట్ల నాలుగున్నాయన్న సంగతి చివరిదాకా తెలియదు. మొత్తం 214 చీరలు తేలాయి. పట్టు 61, నూలు, చేనేత 70, సిల్కు పేరుతో వచ్చే సింథటిక్, జార్జెట్, షిఫాన్ వంటివి 83. వీటిలో 29 ఫాల్ కూడా కుట్టించని కొత్త చీరలు. లెక్కకు ముందు అడిగితే, ఎనభై దాకా ఉంటాయేమోనని ఆవిడ అన్నారు. కుట్టించని జాకెట్టు ముక్కలు 126. లంగాలు 22. కుట్టించిన జాకెట్లు 173.

ఆ 173 జాకెట్లనూ ఒక్కొక్కటిగా తొడిగి చూడమనడం ఎవరికైనా శిక్షే. అందుకు బదులు దర్జీ దగ్గరకు ఆవిడ ప్రస్తుతం తీసుకువెళ్ళే ఆది జాకెట్టును బల్ల మీద పరిచి, దాని మీద ఒక్కొక్క జాకెట్టునూ పెట్టి మూడు చోట్ల చూశాము: ఛాతీ, చేతి లూజు, చంక. సందేహం ఉన్నవాటిని మాత్రమే తొడిగి చూశారు. సాయంత్రానికి మూడు కుప్పలు తేలాయి. ఈ రోజే వేసుకోగలిగినవి 38. కుట్లు విప్పితే వచ్చేవి 44. ఏం చేసినా రానివి 91.

కుట్లు విప్పే సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. మంచి దర్జీ జాకెట్టు పక్కలలో రెండు మూడు కుట్టు వరుసలు వేసి వదులుతాడు. వరుసల మధ్య పావు అంగుళం ఉందనుకుంటే, రెండు పక్కలా ముందు వెనుకా కలిపి ఒక వరుస విప్పితే చుట్టుకొలతలో అంగుళం దాకా వస్తుంది. జాకెట్టును తిరగేసి వేలితో తడిమితే ఎన్ని వరుసలున్నాయో తెలుస్తుంది. అయితే పాత పట్టు జాకెట్లలో విప్పిన చోట పాత సూది రంధ్రాలు వరుసగా కనబడతాయి. లోపల దాగిన గుడ్డ ముదురు రంగులోనూ, బయట ఉన్నది వెలిసిపోయి లేత రంగులోనూ ఉంటుంది. పైట ఆ పక్కను కప్పుతుంది గనుక కుడివైపు ఫరవాలేదు గానీ ఎడమవైపు గీత కనబడుతూనే ఉంటుంది. అందుకని 44లో 15 మాత్రమే ఆల్టరేషన్‌కు పంపాము. మిగిలిన 29నీ రాని 91లోనే కలిపేశాము.

ఇప్పుడు అసలు సంఖ్య. ఆ 38 జాకెట్లలో నలుపు, మెరూన్, బంగారు రంగు సాదా జాకెట్లు ఆరు ఉండడం వల్ల, వాటితో కట్టుకోగలిగిన చీరలు 57 అయ్యాయి. అంటే 214 చీరలున్న ఇంట్లో ఆ రోజు పొద్దున పెళ్ళికి బయలుదేరవలసి వస్తే, ఆవిడ నిజంగా ఎంచుకోగలిగేది 57లోనుంచే. "కట్టుకోవడానికి ఒక్కటీ లేదు అని నేను అంటే మీ మాస్టారు నవ్వేవారు, చూశావా" అన్నారు టీచరుగారు, భర్త వైపు తిరిగి కాదు, నా వైపు తిరిగి. ఆ మాటలో అతిశయోక్తి లేదని లెక్క తేల్చింది.

వాడకాన్ని తెలుసుకోవడానికి మరొక సాక్ష్యం కూడా తీసుకున్నాము. ఈ ఏడాదిలో ఏవేం కట్టారో గుర్తు తెచ్చుకోమంటే అందరూ ఇష్టమైన చీరల పేర్లే చెబుతారు. ఫోనులోని ఫొటోలు అలా మొహమాటపడవు. విరమణ తరువాతి 14 నెలల ఫొటోలు వెనక్కు తిప్పుకుంటూ పోతే 23 చీరలే కనిపించాయి, వాటిలో ఒక ఆకుపచ్చ నారాయణపేట ఏడుసార్లు. బడి రోజుల్లో వారానికి ఆరు చీరలు కావలసిన మనిషికి ఇప్పుడు ఇంట్లో చుడీదార్లు, నైటీలు చాలు. చీర అంటే గుడి, పేరంటం, పెళ్ళి. బీరువా మాత్రం ఇంకా బడికి పోతూనే ఉంది.

ఎవరు పెట్టిన చీర

బట్టలు తగ్గించడం గురించి రాసేవారిలో ఎక్కువమంది కొనడం తగ్గించమంటారు. టీచరుగారు సొంతంగా కొనుక్కున్నవి ఆవిడ గుర్తున్నంతలో 214లో 70 దాటవు. మిగిలినవన్నీ వచ్చినవి: గృహప్రవేశాలకు పెట్టినవి, కొడుకు పెళ్ళిలో వియ్యాలవారు పెట్టినవి, ఒడిబియ్యం నాటివి, విరమణ సన్మానంలో కప్పినవి. మన ఇళ్ళలో బీరువా నిండేది ఎక్కువగా పెట్టుపోతల వల్ల. కాబట్టి 'ఒకటి వస్తే ఒకటి పోవాలి' అన్న సూత్రం ఇక్కడ నిలవదు. వచ్చేదానిని ఆపడం ఆవిడ చేతిలో లేదు, వద్దనడం మర్యాద కాదు.

రెండవ రోజు నేను అడిగిన ప్రశ్న 'ఇది మీకు ఇష్టమా' అన్నది కాదు. 'ఇది ఎవరు పెట్టారు, మరొకరి ఒంటి మీద వారు దీన్ని చూస్తే ఏమవుతుంది' అన్నది. ఈ ప్రశ్న పూర్వం ఒక ఇంట్లో జరిగిన పొరపాటు నేర్పింది. అక్కడ ఒక గృహిణి ఇష్టం లేని చీరను ఇంట్లో పనిచేసే ఆమెకు ఇచ్చారు. ఆ చీర పెట్టిన ఆడపడుచు పండుగకు వచ్చిన రోజునే ఆమె దానిని కట్టుకొని వాకిట్లో ముగ్గు వేస్తోంది. ఆ తరువాతి రెండేళ్ళ కథ నేను రాయను. తీసేయమని చెప్పినదాన్ని నేనే కనుక అందులో నా వాటా ఉంది.

టీచరుగారింట్లో అందుకని చీరల ప్రయాణ దిశను బట్టి వేరుచేశాము. పెట్టినవారి కంటికి కనబడే వలయంలో ఉన్నవారికి ఆ చీర వెళ్ళదు. ఒక వైపు చుట్టాలు పెట్టినది మరొక వైపు చుట్టాలకు వెళ్ళవచ్చు. బడి సన్మానపు చీరలు బడి వారికి తప్ప ఎవరికైనా వెళ్ళవచ్చు. 29 కొత్త చీరలలో ఆరు ఆవిడ ఉంచుకున్నారు, తక్కిన 23 పెట్టుపోతల పెట్టెలోకి, అంటే ముందుముందు ఇతరులకు పెట్టడానికి దాచే పెట్టెలోకి, వెళ్ళాయి. ప్రతి చీర మడతలోనూ ఒక కాగితం చీటీ: ఎవరు పెట్టారు, ఏ శుభకార్యం, ఏ నెల. ఇలా రాసుకోవడం కొత్తదేమీ కాదు, చాలా ఇళ్ళలో పెద్దవారు చేసేదే; చీటీ జారిపోకుండా మందపాటి దారంతో ఒక టాకా వేయడం మాత్రం నేను చేర్చింది. 126 జాకెట్టు ముక్కలలో మంచి నూలువి 30 మాత్రం ఉంచి, తక్కినవాటిని నోములు పట్టే ఇద్దరు పొరుగువారికి ఇచ్చేశారు. ఇవ్వడానికి శుక్రవారం వద్దన్నారు, శనివారం ఇచ్చాము. ఇటువంటి చోట వాదించను.

చివరికి 72 చీరలు నిలిచాయి: పట్టు 24, నూలు 32, తక్కినవి 16. ఈ సంఖ్యను ముందుగా అనుకోలేదు. అల్మారాలో మడతచీరలకు దక్కిన నాలుగు అరలలో ఒకటి లంగాలకు, జాకెట్లకు పోగా, అరకు మూడు దొంతుల చొప్పున, దొంతికి ఎనిమిదికి మించకుండా పెడితే వచ్చేది అంతే. దొంతి ఎత్తు పెరిగితే కింది పట్టుచీర మడతల మీద బరువు పడుతుంది, కింది చీర లాగినప్పుడు పైవి కూలుతాయి, కూలినవాటిని మళ్ళీ మడవడానికి బద్ధకించి కుక్కుతారు.

బయటికి వెళ్ళిన 142లో పెట్టెలోకి పోయిన 23 కాక, కూతురు, కోడలు, చెల్లెలు కలిసి 31 తీసుకున్నారు. బడిలో పనిచేసే ఆయాలు తమకు కావలసినవి చూసుకొని 18 తీసుకున్నారు. ఏరుకున్నవి వారే, మేము మూటకట్టి పంపినవి కావు, ఈ తేడా ముఖ్యం. బాగున్న 40 చీరలను సేవా సంస్థకు ఇచ్చాము. 1999లో ఢిల్లీలో మొదలైన గూంజ్ వంటి సంస్థలు పాత నూలు గుడ్డతో నెలసరి గుడ్డలు కూడా తయారుచేయిస్తాయి కనుక మెత్తబడిన నూలు చీరను చిరిగిందని పారేయవలసిన పనిలేదు. ఆ ఇంట్లో మాత్రం బాగా మెత్తబడిన 16 నూలు చీరలు బొంతలకు ఉంచుకున్నారు. ఆరు పట్టుచీరలు మనవరాలి పట్టులంగాలకు దర్జీకి వెళ్ళాయి. స్టీలు సామాను బండివాడికి ఏమీ వేయలేదు. ఒక చిన్న గిన్నెకు ఎనిమిది చీరలడిగాడు, టీచరుగారికి కోపం వచ్చింది.

ఇక మిగిలిన ఎనిమిదీ మడతల వెంట చిట్లిపోయిన పాత పట్టుచీరలు. ఏళ్ళ తరబడి ఒకే గీత మీద మడత ఉంటే పట్టుదారం అక్కడే తెగుతుంది. వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే నిలువునా సన్నని చీలికలు వరుసగా కనిపిస్తాయి. ఇవి జరీ కొనేవారి దగ్గరకు వెళ్ళాయి. అసలు జరీ అంటే వెండి తీగను దారానికి చుట్టి బంగారు పూత పూసినది. ఇప్పటి చీరలలో చాలావాటిలో ఉండేది రాగి తీగతో చేసిన టెస్టెడ్ జరీ, దానికి వెండి ధర రాదు. చీరకు ఇంత అని చూపు మీద ధర కట్టేవారికి ఇవ్వకుండా, కళ్ళ ముందే అంచు కాల్చి వెండి తూచే చోటికి వెళ్ళమని చెప్పాను. ఎనిమిదిలో మూడింటిలో మాత్రమే వెండి జరీ ఉంది.

నా తప్పు

మూడవ రోజు సర్దుబాటులో నేను ఒక పొరపాటు చేశాను. చూడడానికి అందంగా ఉంటుందని జాకెట్లన్నిటినీ ఒక అరలో రంగుల వారీగా నిలబెట్టాను. మూడు వారాలకు టీచరుగారి నుంచి ఫోను. పెళ్ళికి వెళ్ళే తొందరలో, పొద్దున్నే ఐదింటికి బల్బు వెలుతురులో ఆరు మెరూన్ జాకెట్లలో ధర్మవరం చీరది ఏదో తేలక, చివరికి పాత పద్ధతిలో అన్నీ మంచం మీద పోశారు.

ఏ చీర జాకెట్టు ఆ చీర మడతలోనే పెట్టడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటు. దానిని నేను వద్దనడానికి కారణం ఉంది: జాకెట్టు హుక్కు జరీ అంచుకు తగిలి పోగు లాగేస్తుంది, వానాకాలంలో హుక్కు తుప్పు పట్టి పట్టు మీద గోధుమ రంగు చుక్క వదులుతుంది. ఆ చుక్క ఏ డ్రైక్లీనింగుకూ సరిగా పోదు. ఇద్దరం కలిసి చూసుకున్న మధ్యేమార్గం ఇది: పట్టుచీర ఒక గుడ్డ సంచిలో, దాని జాకెట్టు హుక్కులు పెట్టి లోపలి వైపుకు తిప్పి మడిచి అదే సంచికి బయట కుట్టిన జేబులో. సాదా జాకెట్లు ఆరూ మాత్రం విడిగా హ్యాంగర్లకు. నూలు చీరల జాకెట్ల మెడ పట్టీ లోపల చీర పేరు రాసిన చిన్న టేపు ముక్క కుట్టారు. ఆ రాత ఆవిడదే, నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రంగా ఉంది.

సంచులకు గుడ్డ కొనలేదు. మాస్టారి బట్టల పని నలభై నిమిషాల్లో అయిపోయింది: 34 షర్టులలో ఏడే వేస్తారు, పది ఉంచుకొని తక్కినవి ఇచ్చేశారు. అయితే ఆయన దగ్గర సన్మానాలకు, పెళ్ళిళ్ళకు పెట్టిన కొత్త పంచెలు 19 ఉన్నాయి. పట్టుకు చుట్టడానికి గాలి ఆడే తెల్లని నూలు గుడ్డకు మించినది లేదు. ప్లాస్టిక్ కవరు తేమను లోపలే బిగించి ఉంచుతుంది. 12 పంచెలను రెండుసార్లు ఉతికి, గంజి పూర్తిగా పోయాక చింపి సంచులు కుట్టించాము. గంజి వదలకుండా వాడి ఉంటే సిల్వర్‌ఫిష్ పురుగులకు మనమే భోజనం పెట్టినట్టయ్యేది. నూలు చీరలకు కూడా ఇదే మాట: గంజి కట్టే ముందు పెట్టుకోవాలి, దాచే ముందు కాదు.

ఎక్కడ పెట్టాలన్న విషయంలో కొత్త ఫ్లాటు ఒక చిక్కు తెచ్చింది. అల్మారా వెనుక గోడకు అవతల స్నానాలగది ఉంది. అరచెయ్యి పెడితే కింది భాగం చల్లగా తగిలింది. అందుకని పట్టు పై అరలోకి పోయింది, కింద సింథటిక్ చీరలు, వెనుక రెండంగుళాలు ఖాళీ. గద్వాల చీరలు మూడింటిని విడిగా గుర్తుపెట్టాము: నూలు ఒంటికి పట్టు అంచు అతికిన నేత గనుక నీళ్ళలో పడితే రెండూ ఒకేలా ముడుచుకోవు, అతుకు దగ్గర లాగుతుంది. బరువైన పట్టును హ్యాంగరుకు వేయలేదు. బరువుకు చీర సాగుతుంది, హ్యాంగరు గీత మీద జరీ విరుగుతుంది. నాఫ్తలీన్ ఉండలు తీసేయించాను, పడకగదిలో ఆ వాసన పీలుస్తూ పడుకోవడం నాకు నచ్చదు. వేపాకు సంచులు పెడతామన్నారు, పెట్టమన్నాను. ఎండిన వేపాకు చెడు చేయదు, కానీ చీరను కాపాడేది మూడు నెలలకొకసారి విప్పి, నీడలో గాలికి ఆరవేసి, మడత గీత మార్చి మళ్ళీ మడవడమే. పోచంపల్లి ఇకత్‌కు రెండు వైపులా డిజైను ఒకేలా ఉంటుంది కనుక ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పి మడిస్తే సరిపోతుంది. మడత మార్చే రోజులను మాస్టారు తెలుగు క్యాలెండరులో పెన్సిలుతో చుట్టి పెట్టారు.

ఆర్నెల్ల తరువాత

కార్తీకంలో మళ్ళీ వెళ్ళాను. శ్రావణం, దసరా కలిపి 11 చీరలు వచ్చాయి. తొమ్మిది పెట్టుపోతల పెట్టెలోకి చీటీలతో వెళ్ళాయి, ఆ పెట్టెలోనుంచి 14 బయటికి వెళ్ళాయి. రెండు ఆవిడ ఉంచుకొని, వాటికి బదులు రెండు జార్జెట్లు కూతురికి ఇచ్చారు. ఆర్నెల్లలో కట్టిన చీరలు, ఫొటోల లెక్కన, 41. నారాయణపేట ఇప్పటికీ ముందుంది. అటక మీది ట్రంకుపెట్టెలో ఆవిడ తల్లిగారి చీరలు నాలుగు లెక్కలోకి రాకుండానే కొత్త ఇంటికి వచ్చాయి, అల్మారా పైన ఉన్నాయి. వాటి సంగతి నేను అడగలేదు.

మడత మార్చడం ఒకసారే జరిగింది, రెండవసారి వాయిదా పడింది. ఆ పని ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి చేశాము. చేస్తుండగా ఆది జాకెట్టు కూడా చంక దగ్గర బిగిసిందని తేలింది. అంటే మళ్ళీ కొలవాలి. దర్జీ ఫోను నంబరు టీచరుగారి దగ్గరే ఉంది. ఆ వారంలోనే ఆరు సాదా జాకెట్లూ తీసుకొని వెళ్ళారు, ఒక్కొక్క వరుస విప్పించడానికి.